మెట్రో, బస్సు, రైలు ఛార్జీలు పెంచేది ఎవరు? మనం అడగాల్సింది ఎవరిని?

అమ్మా, మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది, నాకు అర్థమైనంతలో చెప్తాను. మీది హిందూపురం, ఉద్యోగం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. రోజూ మెట్రో, దిగాక బీఎంటీసీ సిటీ బస్సు, రెండు వారాలకోసారి ఇంటికి రైలు. 2025లో బస్సు, మెట్రో, రైలు అన్నింటి ఛార్జీలూ పెరిగాయి. పెంచింది ఎవరు, వాళ్లను ప్రశ్నించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది మొదటి ప్రశ్న. మెట్రో ఎల్లో లైను తెరిచిన కొత్తలో ఒక్కో రైలు కోసం 25 నిమిషాలు ఎందుకు నిలబడాల్సి వచ్చింది అన్నది రెండోది. పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలికి డబ్బుల్లేని టికెట్ ఇచ్చి, మీకు మాత్రం కండక్టర్ డబ్బులకు టికెట్ కొట్టాడు, కన్నడం రాదనేనా, ఇదేం న్యాయం అన్నది మూడోది.

నేను 1986లో రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేరి 2022లో కమర్షియల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం బెంగళూరు, ధర్మవరం మధ్యే గడిచింది. కాబట్టి రైలు సంగతి లోపలి నుంచి తెలుసు. బస్సు, మెట్రో సంగతి మాత్రం చట్టాలు చదివి, ఆ ఉద్యోగాల్లో ఉన్న స్నేహితులతో మాట్లాడి తెలుసుకున్నదే.

సూటిగా చెప్పాలంటే, ఈ మూడు ఛార్జీల మీద సంతకం పెట్టేది ఒకరు కాదు. మెట్రో ఛార్జీని కేంద్రం నియమించిన ముగ్గురు సభ్యుల కమిటీ నిర్ణయిస్తుంది, దాని మాట మెట్రో సంస్థ వినాల్సిందే. బస్సు ఛార్జీ రాష్ట్ర మంత్రివర్గం చేతిలో ఉంది. రైలు ఛార్జీ కేంద్ర రైల్వే శాఖది, దాని పైన వేరే నియంత్రణ సంస్థ అంటూ ఏదీ లేదు. ఆటో మీటరు రేటు కూడా అడిగి ఉంటే నాలుగోది అయ్యేది. అది జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే రవాణా ప్రాధికారం పని. 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 18. ఆ రేటుకు వచ్చే ఆటో దొరికితే నాకూ చెప్పండి.

అయితే ఎవరు పెంచారన్నది సగం ప్రశ్నే. ముప్ఫై ఆరేళ్లు టికెట్లు అమ్మి నేను గ్రహించింది ఒకటుంది. ఛార్జీ మూడు చోట్ల పెరుగుతుంది: రేటులో, స్లాబులో (దూరాన్ని బట్టి వేసే మెట్టు), కేటగిరీలో (రైలు రకం). రేటు పెరిగితే పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది, టీవీలో చర్చ పెడతారు. మిగతా రెండూ చప్పుడు లేకుండా జరుగుతాయి. జేబుకు ఎక్కువ చిల్లు పడేది అక్కడే.

ముందు రైలు సంగతి చూద్దాం.

1989 నాటి రైల్వే చట్టం 30వ సెక్షన్ ప్రకారం ప్రయాణికుల ఛార్జీలు, సరుకు రవాణా ఛార్జీలు ఖరారు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఆచరణలో రైల్వే బోర్డు ప్రతిపాదిస్తుంది, మంత్రి ఒప్పుకుంటారు, కమర్షియల్ సర్క్యులర్ ఒకటి బయటికి వస్తుంది. అంతే. పూర్వం రైల్వే బడ్జెట్ రోజున పార్లమెంటులో ప్రకటించేవాళ్లు కాబట్టి కనీసం ఆ ఒక్కరోజైనా దేశమంతా అటే చూసేది. 2017లో ఆ బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపేశాక ఆ రోజూ పోయింది. ఇప్పుడు ఛార్జీ ఏ నెలలోనైనా పెరగొచ్చు.

నేను చేరిన కొత్తలో మార్చి 31 రాత్రి మాకు జాగారమే. అప్పట్లో అట్టముక్క టికెట్లు. వాటి మీద ధర ముందే అచ్చేసి ఉండేది. అర్ధరాత్రి దాటగానే కొత్త ఫేర్ టేబుల్ ప్రకారం పాత ధర కొట్టేసి, కొత్త ధర ముద్ర వేసి అమ్మాలి. పొద్దున మొదటి ప్యాసింజరుకు కూరగాయల గంపతో వచ్చిన ఒక పెద్దాయన టికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఏం సామీ, రాత్రికి రాత్రి ఊరు దూరం జరిగిందా?’ అన్నాడు. జవాబు చెప్పలేక నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు 2025 లెక్క. జులై 1 నుంచి మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో నాన్ ఏసీకి కిలోమీటరుకు 1 పైసా, ఏసీకి 2 పైసలు పెంచారు. డిసెంబరు 26 నుంచి మెయిల్, ఎక్స్‌ప్రెస్‌లలో ఏసీకీ నాన్ ఏసీకీ కిలోమీటరుకు మరో 2 పైసలు వేశారు. సబర్బన్ (నగర లోకల్ రైళ్ల) టికెట్లు, సీజన్ టికెట్లు రెండుసార్లూ ముట్టుకోలేదు. ఆర్డినరీ క్లాసులో డిసెంబరు పెంపు 215 కిలోమీటర్లు దాటితేనే వర్తిస్తుంది. కాబట్టి మీరు హిందూపురానికి మామూలు ప్యాసింజరులో, మెమూలో వెళ్తే ఆ రెండు పెంపులూ మిమ్మల్ని తాకనే లేదు.

ఎవరైనా స్లీపర్‌లో 700 కిలోమీటర్లు వెళ్తారనుకోండి. జులైలో 7 రూపాయలు, డిసెంబరులో 14, రెండూ కలిపి 21 రూపాయలు. దీని మీద ఎంత గొడవ జరిగిందో మీరు చూశారు. అదే రైలును సూపర్‌ఫాస్ట్‌గా మార్చితే? స్లీపర్‌కు సూపర్‌ఫాస్ట్ రుసుమే 30 రూపాయలు, థర్డ్ ఏసీకైతే 45. బ్రాడ్‌గేజ్‌లో సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లుంటే చాలు, రైలు సూపర్‌ఫాస్ట్ అవుతుంది. మోపెడ్ మీద పోయేవాడు కూడా దాన్ని చూసి నవ్వే వేగం అది. ఆ రైలు ఆలస్యంగా చేరినా ఆ రుసుము వెనక్కి రాదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా దీన్ని తప్పుపట్టింది. రెండు పెంపుల మొత్తం కంటే ఒక్క పేరు మార్పు ఖరీదు ఎక్కువన్నమాట. దాని మీద ఎవరూ ధర్నా చేయగా నేను చూడలేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ కరోనా తర్వాత జరిగింది. ప్యాసింజరు రైళ్లు మళ్లీ మొదలైనప్పుడు చాలా వాటిని సున్నాతో మొదలయ్యే నంబర్లతో ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’గా నడిపారు. ఆగే స్టేషన్లు అవే, వేగం అదే, పెట్టెలు అవే. కనీస టికెట్ మాత్రం 10 నుంచి 30 రూపాయలైంది. రేటు ఒక్క పైసా పెంచలేదు, కేటగిరీ మార్చారు. మళ్లీ 10 రూపాయలు అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. ఆ రోజుల్లో నేను ఒక చిన్న స్టేషన్లో తనిఖీకి వెళ్లాను. బెంగళూరులో ఇళ్లల్లో పనిచేసుకునే ఆడవాళ్లు కౌంటర్ దగ్గర నన్ను చుట్టుముట్టి, ‘ఛార్జీలు పెంచలేదని టీవీలో చెప్తున్నారు, మరి ఇక్కడ ముప్ఫై ఎందుకు?’ అని అడిగారు. టీవీ చెప్పిందీ, వాళ్లు చెప్పిందీ రెండూ నిజమే. అదే దాంట్లో ఉన్న చిక్కు.

బెంగళూరుకు ఇంకో కేటగిరీ దెబ్బ ఉంది. సికింద్రాబాద్ ఎంఎంటీఎస్‌లో, చెన్నై లోకల్ రైళ్లలో కనీస టికెట్ 5 రూపాయలు, ఎందుకంటే అవి సబర్బన్. బెంగళూరు చుట్టూ రోజూ వేలమంది మెమూల్లో వస్తున్నా, ఛార్జీల లెక్కలో ఆ రైళ్లు సబర్బన్ కాదు. 148 కిలోమీటర్ల సబర్బన్ ప్రాజెక్టుకు 2020లో కేంద్రం ఆమోదం తెలిపింది, 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, కె-రైడ్ అనే సంస్థ కడుతోంది. అది పూర్తయి రైళ్లు తిరిగాక ఏ కేటగిరీ ఛార్జీ పెడతారో చూడాలి. నా కళ్లు మాత్రం దాని మీదే ఉన్నాయి.

రిజర్వేషన్ టికెట్ కొన్నప్పుడు మొత్తం ఒక్కటే చూడకుండా విడగొట్టి చూడండి. మూల ఛార్జీ, రిజర్వేషన్ రుసుము (స్లీపర్‌కు 20, థర్డ్ ఏసీకి 40), సూపర్‌ఫాస్ట్ అయితే ఆ రుసుము, ఏసీ అయితే 5 శాతం జీఎస్టీ. తత్కాల్ అయితే మరో వడ్డన. పైగా మొత్తాన్ని పై 5 రూపాయలకు సర్దుతారు. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతోల్లో సీట్లు నిండేకొద్దీ మూల ఛార్జీ పెరుగుతూ, 1.4 రెట్ల దాకా పోతుంది. రేటు అదే, మీరు కొన్న వేళ వేరు.

వీటన్నింటినీ తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ ఉందా అంటే, ప్రయాణికుల ఛార్జీల విషయంలో లేదు. రైల్వే అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరుతో ఒక నియంత్రణ సంస్థకు 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కాగితం దాటి రాలేదు. చెన్నైలో రైల్వే రేట్ల ట్రిబ్యునల్ ఉండేది కదా అని కొందరు గుర్తుచేస్తారు. దాన్ని 2017లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కలిపేశారు. అది ఉన్నదీ సరుకు రవాణా తగాదాల కోసమే. ప్రయాణికుల ఛార్జీ దాని పరిధిలోకి రాదని చట్టంలోనే రాసి ఉంది. తానే వండి, తానే వడ్డించి, రుచి బాగుందని తానే చెప్పుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

రైల్వే వైపు వాదన కూడా చెప్పకపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టవుతుంది. మీ టికెట్ మీద ఒకప్పుడు ‘ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నాం’ అని అచ్చేసేవాళ్లు, గుర్తుందా? అది అబద్ధం కాదు. ఆ లోటును బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే గూడ్సు రైళ్లు పూడుస్తాయి. బొగ్గు రవాణా ఖర్చు మళ్లీ కరెంటు ధరలోకి ఎక్కుతుంది. టికెట్లో మిగిలింది కరెంటు బిల్లులో కొంత కడుతున్నామన్నమాట. ఛార్జీ అసలు పెంచకూడదని నేను అనను. పేరు మార్చి పెంచొద్దు, రేటు పెంచి పెంచామని చెప్పండి అంటాను. వృద్ధుల రాయితీ కూడా అంతే. మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 శాతం ఉండేది, 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. ఇందులో నా స్వార్థం లేదు, నాకు పాసు ఉంది.

ఇక రైళ్ల వేళలు, స్టాపేజీలు. హిందూపురం, కుప్పం ఆంధ్రాలో ఉన్నా అవి నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్ స్టేషన్లు, జోన్ ప్రధాన కార్యాలయం హుబ్బళ్లి. మనవాళ్లు చాలామంది విజయవాడకో సికింద్రాబాదుకో అర్జీలు పంపి ఎదురు చూస్తారు. కొత్త స్టాపేజీ ఇవ్వాలా వద్దా అనేది రైల్వే బోర్డు తేలుస్తుంది. ఇచ్చినా మొదట ఆరు నెలలు ప్రయోగాత్మకంగా ఇస్తారు. ఆ ఆరు నెలల్లో ఆ స్టేషన్లో టికెట్లు ఎన్ని తెగాయో చూస్తారు. మా లైన్లో ఒక చిన్న స్టేషన్‌కు అలా ఎక్స్‌ప్రెస్ ఆగింది, ఊరంతా పూలదండలు వేసి డ్రైవర్‌కు సన్మానం చేశారు. తర్వాత అందరూ సీజన్ టికెట్ల మీద, కొందరు ఆ టికెట్ కూడా లేకుండా ఎక్కారు. లెక్కల్లో అమ్మకం కనబడలేదు. నేనే ఆ ఊరి పెద్దలతో, ‘అయ్యా, ఈ మూడు నెలలైనా ఇక్కడి కౌంటర్లో టికెట్లు కొనండి’ అని బతిమాలాను. కొన్నారు, స్టాపేజీ నిలబడింది. డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘాలు ఉంటాయి. అవి సలహా మాత్రమే ఇస్తాయి, ఆదేశించలేవు. అయినా లెక్కలతో వెళ్తే వింటారు.

మెట్రోకు వద్దాం. మీ కోపం ఎక్కువగా దీని మీదే.

బెంగళూరు మెట్రో సంస్థలో కేంద్రానికి, రాష్ట్రానికి చెరి సగం వాటా. ఛార్జీల విషయం 2002 నాటి మెట్రో రైలు నిర్వహణ చట్టంలో ఉంది. లైను మొదట తెరిచేటప్పుడు సంస్థ తానే ధర పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఛార్జీల నిర్ణయ కమిటీ సిఫారసు మేరకే మార్చాలి. కమిటీని కేంద్రం వేస్తుంది. హైకోర్టు జడ్జి గానీ మాజీ జడ్జి గానీ అధ్యక్షులుగా ఉంటారు, కేంద్రం నుంచి ఒకరు, రాష్ట్రం నుంచి ఒకరు సభ్యులు. కమిటీ చెప్పింది మెట్రో సంస్థ పాటించి తీరాలని చట్టంలోనే ఉంది. అందుకే ముఖ్యమంత్రి ‘మేం పెంచలేదు’ అంటారు, కేంద్రం ‘రాష్ట్రం అడిగితేనే కమిటీ వేశాం’ అంటుంది. రెండు మాటల్లోనూ కొంత నిజముంది కాబట్టి ఈ గొడవ తెగదు.

బెంగళూరుకు ఇలాంటి మొదటి కమిటీని 2024 సెప్టెంబరులో వేశారు, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి తరణి అధ్యక్షతన. డిసెంబరులో నివేదిక ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 9 నుంచి కొత్త ఛార్జీలు వచ్చాయి. 2017 తర్వాత పెంచడం అదే మొదలు. కనీసం 10 రూపాయలు అలాగే ఉంది, గరిష్ఠం 60 నుంచి 90కి పోయింది.

ఇక్కడే స్లాబుల మహిమ చూడండి. 2 కిలోమీటర్ల లోపు 10, 4 లోపు 20, 6 లోపు 30, 8 లోపు 40, 10 లోపు 50. ఆపై 15 లోపు 60, 20 లోపు 70, 25 లోపు 80, అది దాటితే 90. అంతకు ముందు చిన్న చిన్న మెట్లుగా పెరిగే ఛార్జీని పది పది రూపాయల పెద్ద మెట్లుగా మార్చారు. పాత మెట్టుకు, కొత్త మెట్టుకు మధ్య చిక్కిన స్టేషన్ల జతలకు ఛార్జీ ఇంచుమించు రెట్టింపైంది. 4 కిలోమీటర్ల మీద కొంచెం దూరం వెళ్లేవాళ్లకు కిలోమీటరుకు ఏడు రూపాయల పైన పడింది, 25 కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు మూడు రూపాయల చిల్లర. జయనగర్ నుంచి నాలుగు స్టేషన్లు వెళ్లే మనిషి ఆటోనో, సొంత స్కూటరో చూసుకోక ఏం చేస్తాడు?

గొడవ పెద్దదయ్యాక ఫిబ్రవరి 14 నుంచి ఒక సవరణ చేశారు. ఏ రెండు స్టేషన్ల మధ్యా పాత ఛార్జీ మీద పెంపు 71 శాతం దాటకుండా తగ్గించారు. గమనించండి, కనీసం, గరిష్ఠం కదల్లేదు, మెట్ల దగ్గర జరిగిన తేడాలే సర్దారు. అంటే తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లకూ తెలుసు.

కమిటీ నివేదిక మాత్రం వెంటనే జనానికి చూపించలేదు. ఒక ఎంపీ హైకోర్టుకు వెళ్లాక, 2025 సెప్టెంబరులో బయటపెట్టారు. జీతాలు, కరెంటు, మరమ్మతులు, అప్పుల కిస్తీలు, అన్నీ అందులో ఉన్నాయి. ఓపిక ఉంటే చదవండి. ఏటా 5 శాతానికి మించకుండా సవరించుకునే సూత్రం కూడా ఆ సిఫారసుల్లో ఉంది. చాలామందికి ఇది మింగుడు పడదు గానీ, నేను దీనికి అనుకూలం. జడ్జి కూర్చున్న కమిటీయే 2025లో అందరికంటే పెద్ద పెంపు చెప్పింది, ఎందుకు? ఎనిమిదేళ్లు ఎవరూ ముట్టుకోకుండా వదిలేసి, ఒక్కసారి లెక్క తేల్చమన్నారు కాబట్టి. ఇంటద్దె ఏటా వెయ్యి పెరిగితే గొణుక్కుంటూ కడతాం, ఎనిమిదేళ్ల తర్వాత ఒకేసారి ఎనిమిది వేలు పెంచితే ఇల్లు ఖాళీ చేస్తాం.

ఇంకో విషయం చెప్పి తీరాలి. 2024 అక్టోబరులో ఆ కమిటీ ప్రజల సలహాలు అడిగింది, మెయిల్ పంపమంది. అప్పుడు రాసినవాళ్లు ఎంతమంది? నేనూ ఒక మెయిల్ పెట్టాను, వృద్ధుల రాయితీ గురించి. ముప్ఫై ఆరేళ్లు ఫేర్ టేబుళ్లతో కాపురం చేసినవాణ్ని, స్లాబుల గురించి ఒక్క ముక్క రాయలేదు. బుర్రకు తట్టలేదు. ఫిబ్రవరిలో పట్టిక చూసినప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్లీ కమిటీ వేసి సలహాలు అడిగినప్పుడు మీరు ‘ఛార్జీ తగ్గించండి’ అని రాయకండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ‘నేను ఫలానా స్టేషన్ నుంచి ఫలానా స్టేషన్‌కు వెళ్తాను, దూరం ఇంత, మెట్టు మారడం వల్ల నాకు ఇంత పడుతోంది’ అని రాయండి.

అప్పటిదాకా చిన్న ఊరట ఒకటుంది. స్మార్ట్‌కార్డుకు 5 శాతం తగ్గింపు ఎప్పుడూ ఉంది. ఉదయం 8లోపు, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు, రాత్రి 9 తర్వాత లోపలికి వెళ్తే మరో 5 శాతం. ఆదివారాలు రోజంతా 10 శాతం. మీ షిఫ్టు 8:30కి అన్నారు కాబట్టి మీకు ఎలాగూ 8లోపే ప్రయాణం. క్యూఆర్ టికెట్ మానేసి కార్డు కొనండి.

ఇప్పుడు ఆ 25 నిమిషాల సంగతి. ఎన్ని నిమిషాలకో రైలు నడపాలని ఆ మెట్రో చట్టంలో ఎక్కడా లేదు. అది మెట్రో సంస్థ సొంత నిర్ణయం, చేతిలో ఎన్ని రైళ్లున్నాయన్న దాన్ని బట్టి. ఎల్లో లైను ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. 2025 ఆగస్టు 10న ప్రారంభించినప్పుడు ఉన్నవి మూడే రైళ్లు. ఒక రైలు అటు పోయి, మలుపు తిరిగి, ఇటు వచ్చేసరికి సుమారు గంటంబావు. దాన్ని మూడుతో భాగిస్తే 25 నిమిషాలు. ఇంకే రహస్యం లేదు. లైను ముందే సిద్ధమైంది, పెట్టెలు రాలేదు. మొదటిది చైనా నుంచి వచ్చింది, మిగతావి కోల్‌కతా దగ్గరి కర్మాగారం నుంచి ఒక్కొక్కటిగా రావాలి. వచ్చేకొద్దీ వ్యవధి తగ్గుతూ వచ్చింది.

మూడు రైళ్లతో అసలు తెరవడం ఎందుకు అని మీరన్నారు. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో గంట నిలబడేవాళ్లను అడగండి, ఒక్క రైలున్నా తెరవమంటారు.

లైను తెరవాలంటే భద్రత కమిషనర్ చూసి అనుమతివ్వాలి. ఎల్లో లైనుకు ఆ తనిఖీ 2025 జులై ఆఖర్లో జరిగింది. ఈ కమిషనర్లు రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. రైళ్లను విమానాల శాఖ చూడటమేంటి అని నవ్వొస్తుంది. కానీ నడిపేవాడి కింద తనిఖీ చేసేవాడు ఉండకూడదని బ్రిటిషు కాలంలోనే, 1941లో, ఆ తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి విడదీశారు. దక్షిణ విభాగం కార్యాలయం మన బెంగళూరులోనే ఉంది. భద్రతకు ఆనాడే దొరికిన ఆ వేరు కుంపటి, ఛార్జీలకు మాత్రం ఈనాటికీ దొరకలేదు.

మెట్రో కాదు, మామూలు రైలు ఆలస్యమైతే, డబ్బు వెనక్కి రావాలంటే ఏం చేయాలో కూడా అడిగారు. మీ రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోతే, రైలు నిజంగా బయలుదేరే లోపు టీడీఆర్ అనే రీఫండ్ దరఖాస్తు పెట్టండి, పూర్తి డబ్బు వస్తుంది. నూటికి తొంభై మంది ఇక్కడే తప్పు చేస్తారు, ఇంటికెళ్లి తీరిగ్గా రాత్రి పెడతారు. రీఫండ్ తగాదాలు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోతాయి. ఆలస్యం వల్ల నష్టపోయిన ఒక ప్రయాణికుడికి 30,000 రూపాయల పరిహారం ఇవ్వాలన్న ఉత్తర్వును 2021లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆలస్యానికి కారణం చూపలేకపోతే రైల్వే బాధ్యత వహించాల్సిందేనని చెప్పింది. రోజువారీ ఇబ్బందులకు రైల్వే హెల్ప్‌లైన్ 139 చాలు.

చివరిగా బస్సు. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద బస్సు ఛార్జీల మీద ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. మంత్రివర్గం కూర్చుని ఒప్పుకుంటే చాలు. 2025 జనవరి 5 నుంచి కర్ణాటకలో నాలుగు బస్సు సంస్థల్లోనూ 15 శాతం పెంచారు, బీఎంటీసీ కనీస టికెట్ 5 నుంచి 6 అయింది, చిల్లర తగాదా దానితో పాటే వచ్చింది. ఆర్డినరీ నెల పాసు 1,050 నుంచి 1,200 అయింది. మీరు మెట్రో దిగి రోజూ రెండు స్టేజీలే వెళ్తారు కాబట్టి పాసు గిట్టుబాటు కాదు, విడి టికెట్లే మేలు.

మీ స్నేహితురాలికి టికెట్ లేదనుకోకండి, ఉంది. కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. కండక్టర్ ఆమెకూ టికెట్ కొడతాడు, సున్నా ధరతో. ఆ ప్రయాణపు ఖరీదును ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. అందుకే ఛార్జీ 15 శాతం పెరిగినప్పుడు ఉచితంగా వెళ్లేవాళ్ల బిల్లు కూడా పెరిగింది, కాకపోతే అది విధానసౌధకు వెళ్లింది.

మీకు వర్తించకపోవడానికి భాష కారణం కాదు, చిరునామా కారణం. కర్ణాటకలో నివాసమున్నట్టు చూపే ప్రభుత్వ గుర్తింపు కార్డు కావాలి, మీ ఆధార్‌లో హిందూపురం ఉంది. కండక్టర్‌తో వాదించడం దండగ, తనిఖీ వాళ్లు వస్తే పోయేది అతని ఉద్యోగం. కన్నడం తెలియని అమ్మాయికైనా ఆధార్‌లో బెంగళూరు చిరునామా ఉంటే సున్నా టికెట్టే ఇస్తాడు. అదీ ఏసీ లేని బస్సుల్లోనే, వజ్ర అనే ఏసీ బస్సుల్లో అందరూ డబ్బులు కట్టాల్సిందే.

అలాగని రేపే ఆధార్ మార్చేయకండి. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటిదే స్త్రీశక్తి పథకం వచ్చింది, అక్కడ ఆంధ్రా చిరునామా అడుగుతారు. హిందూపురంలో దిగి మీ పల్లెకు పల్లెవెలుగు ఎక్కుతానన్నారు కదా, ఇక్కడ మార్చుకుంటే అక్కడ టికెట్ కొనాలి. బెంగళూరు, హిందూపురం మధ్య నడిచే అంతర్రాష్ట్ర బస్సుల్లో రెండు పథకాలూ చెల్లవు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇక్కడ నెలకు నలభైసార్లు సిటీ బస్సు టికెట్ ఒకవైపు, అక్కడ నెలకు నాలుగుసార్లు పల్లెవెలుగు టికెట్ ఇంకోవైపు. పెళ్లయి అడ్రస్ మారే అవకాశం ఉంటే అదీ కలుపుకుని మీ అమ్మగారితో కూర్చుని లెక్కేసుకోండి.